పేదవాని కంచాన్ని పరీక్షించిన వైద్యుడు: డాక్టరు జోసెఫ్ గోల్డ్‌బర్గర్

పందొమ్మిదవ శతాబ్దం ముగిసేనాటికి పాశ్చాత్య వైద్యశాస్త్రానికి ఒక కొత్త చూపు వచ్చింది. ఫ్రాన్సులో లూయీ పాశ్చర్, జర్మనీలో రాబర్ట్ కాక్ సాగించిన పరిశోధనల ఫలితంగా, క్షయ, కలరా మొదలయిన మహమ్మారుల వెనుక కంటికి కనబడని సూక్ష్మక్రిములు ఉన్నాయని లోకానికి తెలిసింది. తరతరాలుగా దైవాగ్రహమనీ గాలి దోషమనీ చెప్పుకొంటూ వచ్చిన వ్యాధులకు కారణం సూక్ష్మదర్శినిలో ప్రత్యక్షమయ్యేసరికి, వైద్యులు ప్రతి వ్యాధిలోనూ ఒక క్రిమిని వెదకడం సహజమే అయింది. కొత్తగా దొరికిన సత్యపు వెలుగులో కళ్లు చెదిరి, పక్కనే ఉన్న మరొక సత్యం కనబడకుండా పోవడం కూడా లోకంలో ఉన్నదే. అటువంటి రోజులలో, జీవితంలో సగభాగం క్రిములతో పోరాడి, మూడు జ్వరాల బారినపడి లేచిన ఒక వైద్యుడు, వేలమందిని బలిగొంటున్న ఒక వ్యాధిని పరిశీలించి, దీనికి క్రిమి లేదనీ, ఇది కంచంలోని లోపమనీ నిర్ధారించారు. ఆయన పేరు డాక్టరు జోసెఫ్ గోల్డ్‌బర్గర్. ఆ వ్యాధి పేరు పెల్లాగ్రా.

గోల్డ్‌బర్గర్ 1874వ సంవత్సరం జూలై 16వ తేదీన, ఆనాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో, నేటి స్లొవేకియాలో ఉన్న గిరాల్టోవ్‌ట్సె అనే చిన్న ఊరిలో, గొర్రెల పెంపకంతో పొట్టపోసుకొనే ఒక యూదు కుటుంబంలో జన్మించారు. 1883లో ఆ కుటుంబం అమెరికాకు వలసపోయి, న్యూయార్కు నగరంలో వలసజనం కిక్కిరిసి బ్రతికే తూర్పు పేటలో కాపురం పెట్టింది. తండ్రి అక్కడ చిన్న కిరాణా దుకాణం నడిపేవాడు. ఇల్లిల్లూ తిరిగి సరుకులు అందించడం బాలుడైన జోసెఫ్ పని. ఏ ఇంటివారు ఏమి కొంటారో, ఏమి కొనలేరో ఆ వయసులోనే ఆయన కళ్లారా చూశారు. పదహారేళ్లకు ఇంజనీరింగు చదువుకోసం కళాశాలలో చేరినా, ఒకనాడు మిత్రునితో కలిసి వైద్యకళాశాలలో ఒక ఉపన్యాసం విన్న మీదట మనసు మారి, బెల్‌వ్యూ వైద్య కళాశాలలో చేరి 1895లో పట్టం పుచ్చుకొన్నారు. కొంతకాలం సొంతంగా వైద్యవృత్తి సాగించారు గాని, ఆ జీవితంలో ఆయనకు రుచి పుట్టలేదు. 1899లో అమెరికా ప్రభుత్వపు ప్రజారోగ్య సేవాశాఖలో చేరారు. చివరి శ్వాస వరకు ఆ కొలువు విడువలేదు.

ఆ రోజులలో ఈ శాఖ వైద్యునికి అంటువ్యాధులు వ్యాపించిన చోటే కార్యస్థానం. పచ్చజ్వరాన్ని పరిశోధించబోయి పచ్చజ్వరం తెచ్చుకొన్నారు. డెంగ్యూను పరిశోధించబోయి డెంగ్యూతో మంచం పట్టారు. మెక్సికోలో టైఫస్ జ్వరాన్ని పరిశీలిస్తూ ఆ జ్వరానికీ చిక్కారు. 1909లో ఒక వింత చర్మవ్యాధికి కారణం వెదుకుతూ, అనుమానం కలిగిన గడ్డిపరుపుల నడుమ తన చేతినే గంటసేపు ఉంచి, ఆ గడ్డిలోని సన్నని పురుగులే దురదకు మూలమని తేల్చారు. అనుమానాన్ని తన ఒంటిమీదనే పరీక్షించుకోవడం ఆయన స్వభావంలో ఉన్నదని చెప్పడానికి ఈ ఉదంతం చాలును. మధ్యలో 1906లో మేరీ ఫరార్ అనే దక్షిణాది యువతిని వివాహమాడారు. మతాలు వేరు కావడంచేత ఇరువైపుల పెద్దలకూ ఆ వివాహం మొదట రుచించలేదు. కాని ఆ ఇల్లాలు భర్త పరిశోధనలో ఎంతటి భాగం పంచుకొన్నదో పాఠకులు ముందు చూస్తారు.

పెల్లాగ్రా అమెరికాలో పుట్టిన వ్యాధి కాదు. 1735లో స్పెయిన్ దేశపు వైద్యుడు గాస్పార్ కసాల్ దానిని మొదట గుర్తించి వర్ణించాడు. ఎండ తగిలే చోట్ల, అంటే చేతులమీద, పాదాలమీద, మెడచుట్టూ చర్మం ఎర్రబడి, మొద్దుబారి, పొలుసులు కట్టి ఊడుతుంది. తరువాత అతిసారం పట్టుకొంటుంది. ఆపైన మతి చలిస్తుంది. చివరకు మరణం. ఇటలీ రైతుకూలీలలో ఈ వ్యాధి విస్తారంగా ఉండేది. గరుకు చర్మమని అర్థం వచ్చే పెల్లాగ్రా అనే పేరు ఆ దేశపు భాషలోనిదే. మొక్కజొన్న తినే పేదలలోనే అది కనబడుతున్నదని అందరూ గమనించారు. బూజు పట్టి పాడయిన మొక్కజొన్నలో ఏదో విషం పుడుతున్నదని అనేకులు నమ్మారు. ఆ నమ్మకంతోనే ఇటలీ ప్రభుత్వం పాడైన మొక్కజొన్న అమ్మకాన్ని నిషేధిస్తూ 1902లో చట్టం చేసింది. ఇరవయ్యవ శతాబ్దారంభంలో అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఈ వ్యాధి హఠాత్తుగా విజృంభించింది. అనాథ శరణాలయాలు, మానసిక వైద్యశాలలు, నూలుమిల్లుల గ్రామాలు, పత్తి పండించే కౌలుదార్ల గుడిసెలు దానికి నిలయాలయ్యాయి. అది అంటువ్యాధి అయి ఉంటుందని అక్కడి విచారణ సంఘం ఒకటి అభిప్రాయపడింది. జనం రోగులను చూసి దూరంగా తొలగేవారు. కొన్ని ఆసుపత్రులు వారిని చేర్చుకోవడానికే జంకేవి.

1914లో ఈ వ్యాధి సంగతి తేల్చవలసిన బాధ్యత గోల్డ్‌బర్గర్ పైన పడింది. ఆయన మొదట సూక్ష్మదర్శినిని చేతబట్టలేదు. ఊళ్లు తిరిగారు. మానసిక వైద్యశాలలలో రోగులను చూశారు. రోగులు మాత్రమే గాక, రాత్రింబగళ్లు వారిని అంటిపెట్టుకొని ఉండే నర్సులను, పరిచారకులను కూడా చూశారు. వందలాది రోగులకు పెల్లాగ్రా ఉండగా, సేవకులలో ఒక్కరికైనా అది సోకలేదు. అంటువ్యాధులతో పదిహేనేళ్లు వేగిన వైద్యునికి ఈ ఒక్క విషయం చాలును. జీతంకోసం పనిచేసే వారినీ, గతిలేక చేరిన వారినీ ఎంచి చూసి అంటుకొనే క్రిమి ఏదీ ఉండదు. మరి వారిద్దరికీ భేదం ఎక్కడ ఉన్నది? భోజనపు బల్ల దగ్గర ఉన్నది. సేవకులు పాలు, మాంసం, గుడ్లు తెచ్చుకొని తినగలరు. రోగులు పెట్టింది తినవలసినదే. అక్కడ పెట్టేది మొక్కజొన్న పిండి, చెరకు పాకం, పంది కొవ్వు.

మిసిసిపీ రాష్ట్రపు జాక్సన్ నగరంలో ఒక అనాథ శరణాలయాన్ని పరిశీలించినప్పుడు ఈ భేదం మరింత స్పష్టమయింది. అక్కడి 211 మంది పిల్లలలో 68 మందికి ఆ వేసవిలో పెల్లాగ్రా కనబడింది. కాని అది పిల్లలందరినీ ఒకే తీరుగా పట్టలేదు. పసివారిలో అది అరుదు, వారికి పాలు పోస్తారు గనుక. పెద్దపిల్లలలోనూ అది అరుదు, పొలంపనికి పోయే వారికి మాంసం పెడతారు గనుక. పాలు మానిపించే వయసు దాటి, పనిచేసే వయసు రాని ఆరు నుండి పన్నెండేళ్ల నడిమి పిల్లలే దానికి ఎర అయ్యారు. ప్రభుత్వ ధనంతో ఆ శరణాలయంలోనూ, నగరంలోని మరొక శరణాలయంలోనూ గోల్డ్‌బర్గర్ భోజనం మార్పించారు. పాలు పెంచారు. గుడ్లు, మాంసం, చిక్కుడు జాతి గింజలు చేర్చారు. పరిసరాలు మార్చలేదు, పారిశుద్ధ్యం మార్చలేదు, మందు ఇవ్వలేదు. మరుసటి ఏడు వసంతం వచ్చింది, వ్యాధి తిరిగి తలయెత్తవలసిన కాలం వచ్చింది. కనిపెట్టి ఉంచిన పాత రోగులలో ఒక్కరికి తప్ప మరెవ్వరికీ అది మరల రాలేదు. 1916లో ఆ ధనసహాయం ఆగి, పాత భోజనం తిరిగి వచ్చిన కొద్ది నెలలలోనే పెల్లాగ్రా కూడా తిరిగి వచ్చింది. ఇంతకంటె కఠినమైన నిదర్శనం ఉండదు.

అయితే శాస్త్రజ్ఞులకు ఇది చాలలేదు. మంచి తిండి వ్యాధిని పోగొడితే పోగొట్టవచ్చును, చెడ్డ తిండి దానిని తెచ్చిపెట్టగలదా అని వారు అడిగారు. అందుకు సమాధానంగా 1915లో మిసిసిపీలోని రాంకిన్ కారాగార వ్యవసాయ క్షేత్రంలో ఒక ప్రయోగం జరిగింది. పన్నెండుమంది ఖైదీలు స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. ప్రయోగం ముగిసిన పిదప క్షమాభిక్ష పెట్టి విడుదల చేస్తానని గవర్నరు ఎర్ల్ బ్రూవర్ మాట ఇచ్చాడు. ఏప్రిల్ నుండి అక్టోబరు ఆఖరు వరకు వారికి మొక్కజొన్న రొట్టె, మొక్కజొన్న రవ్వ, బిస్కత్తు, తెల్ల బియ్యపు అన్నం, చిలగడదుంప, చెరకు పాకం వంటివే పెట్టారు. పాలు లేవు, మాంసం లేదు, గుడ్డు లేదు. కడుపునిండా తిన్నవారు నెలలు గడిచేకొద్దీ నీరసించారు. చివరిదాకా నిలిచిన పదకొండుమందిలో ఆరుగురికి పెల్లాగ్రా లక్షణాలు బయటపడ్డాయి. ఆ క్షేత్రంలోనే మామూలు భోజనం తింటున్న తక్కిన ఖైదీలకు అది రాలేదు. విడుదల మాట వినబడగానే వారు చికిత్సకైనా ఆగక వెళ్లిపోయారు. స్వేచ్ఛను ఎరచూపి మనిషి శరీరాన్ని పరీక్షకు పెట్టడం న్యాయమా అనే ప్రశ్న నేటి వైద్యనీతి తప్పక వేస్తుంది. ఆ ప్రశ్న వేయవలసినదే. గోల్డ్‌బర్గర్ ఘనతను చెప్పేటప్పుడు దానిని దాచనవసరం లేదు.

అప్పటికీ విమర్శకుల నోళ్లు మూతపడలేదు. క్రిమివాదులు పట్టు విడువలేదు. అప్పుడు గోల్డ్‌బర్గర్ ఇతరుల శరీరాలను విడిచి తన శరీరంవైపు తిరిగారు. 1916 వసంతకాలంలో ఆయనా, సహచరుడైన డాక్టరు జార్జి వీలరూ పెల్లాగ్రా రోగుల రక్తాన్ని తమ ఒంటిలోకి ఎక్కించుకొన్నారు. రోగుల ముక్కు, గొంతుల స్రావాలను తమ ముక్కుకు, గొంతుకు పూసుకొన్నారు. రోగుల చర్మపు పొలుసులను, మలమూత్రాలను పిండిలో కలిపి మాత్రలు కట్టి మింగారు. వినడానికే వెగటు కలిగించే ఈ పనిలో మొత్తం పదహారుమంది పాలుపంచుకొన్నారు. వారిలో మేరీ గోల్డ్‌బర్గర్ ఉన్నారు. రోగి రక్తాన్ని తన శరీరంలో ఎక్కించుకోవడానికి ఆమె పట్టుబట్టి ఒప్పించారు. బిడ్డల తల్లి, ఇంటి వెలుగు, భర్త మాటమీద ఉన్న నమ్మకాన్ని ఈ విధంగా చాటింది. వారాలు గడిచాయి, నెలలు గడిచాయి. పదహారుమందిలో ఒక్కరికైనా పెల్లాగ్రా రాలేదు.

వ్యాధి తిండిలో ఉన్నదని తేలింది. మరి ఆ తిండి ఎందుకు అట్లా ఉన్నది? ఇక్కడనే గోల్డ్‌బర్గర్ తక్కిన వైద్యులకంటె ఒక అడుగు ముందుకు వేశారు. ఎడ్గార్ సైడెన్‌స్ట్రికర్ అనే ఆర్థికశాస్త్రవేత్తను వెంటబెట్టుకొని, 1916లో దక్షిణ కరొలైనా రాష్ట్రంలోని ఏడు నూలుమిల్లు గ్రామాలలో ఇంటింటి లెక్క తీశారు. ఏ ఇంటికి ఎంత ఆదాయం, ఏమి కొన్నారు, ఆవు ఉన్నదా, కూరతోట ఉన్నదా అని అడిగి వ్రాసుకొన్నారు. ఆదాయం పెరిగినకొద్దీ వ్యాధి తగ్గింది, తగ్గినకొద్దీ పెరిగింది. కాని ఆదాయమొక్కటే కారణం కాదు. కూలి ఇంచుమించు సమానంగా ఉన్న రెండు గ్రామాలలో ఒకదానిని పెల్లాగ్రా పీడించింది, రెండవదాని జోలికి రాలేదు. మొదటి గ్రామం చుట్టూ గుమ్మాలదాకా పత్తిచేలు. అక్కడ తాజా పదార్థాలు తెచ్చి అమ్మేవారు లేరు. రెండవ గ్రామానికి చుట్టుపట్ల రైతులు పాలు, కూరలు తెచ్చేవారు, ఏడాది పొడుగునా మాంసం దొరికేది. ఒక్క పత్తినే నమ్ముకొన్న నేల జనానికి బట్ట నేయించింది గాని తిండి పెట్టలేదు.

మరొక సంగతి కూడా ఆ లెక్కలలో బయటపడింది. నడివయసు లోపలి స్త్రీలకు ఈ వ్యాధి పురుషులకంటె ఎక్కువగా వచ్చింది. ఇంటిలో ఉన్న కొద్దిపాటి పాలూ మాంసమూ పనికిపోయే మగవానికీ, ఎదిగే పిల్లలకూ వడ్డించి, మిగిలినదానితో కడుపు నింపుకొనడం తల్లుల అలవాటు. ఈ మాట వివరించి చెప్పవలసిన అవసరం మన దేశపు పాఠకులకు లేదు.

1920లో పత్తిధర కుప్పకూలింది. రైతులు, కూలీలు తిండి తగ్గించుకొంటారనీ, పెల్లాగ్రా మరల విజృంభిస్తుందనీ గోల్డ్‌బర్గర్ 1921లో ప్రభుత్వాన్ని హెచ్చరించారు. అధ్యక్షుడు హార్డింగ్ సహాయచర్యలకు పూనుకొన్నాడు. కాని దక్షిణాది రాజకీయ నాయకులు, వర్తకులు కృతజ్ఞతకు బదులు కోపం చూపారు. తమ సీమలో కరవు ఉన్నదని చెప్పడం తమకు అవమానమన్నారు. పెట్టుబడులు రావని, వలస వచ్చేవారు రారని భయపడ్డారు. రోగం పేరు చెప్పడం రోగంకంటె పెద్ద నేరమయింది. పేదరికాన్ని తొలగించడానికి సిద్ధంగా లేనివారు దానిని దాచడానికి మాత్రం సిద్ధపడతారన్న సత్యం ఆ వైద్యునికి అప్పుడు అనుభవంలోకి వచ్చింది. పాలు త్రాగండి, మాంసం తినండి అని ఆయన మందుచీటీ వ్రాయగలరు. ఆ మందు కొనే డబ్బును చీటీమీద వ్రాయలేరు.

అందుచేత పేదవారు కొనగలిగిన మందును వెదకడంలో ఆయన మిగిలిన ఆయుర్దాయాన్ని ఖర్చుపెట్టారు. కుక్కలకు వచ్చే నల్లనాలుక వ్యాధి మానవుల పెల్లాగ్రాకు సరిజోడు అని గ్రహించి, వాటిమీద అనేక ఆహారపదార్థాలను పరీక్షించారు. సారాయి బట్టీలలో వాడే ఈస్టు అతిచౌకగా, అతి తక్కువ మోతాదులో వ్యాధిని కుదుర్చగలదని ఈ విధంగా కనుగొన్నారు. 1927లో మిసిసిపీ నది పొంగి లక్షలాది ప్రజలు నిరాశ్రయులయినప్పుడు, రెడ్‌క్రాస్ సంస్థ వేల పౌన్ల ఈస్టును పంచిపెట్టింది. ఆ వరదసీమలో తిరిగి పరిస్థితులు చూసినవారిలో గోల్డ్‌బర్గర్, సైడెన్‌స్ట్రికర్ ఉన్నారు. ఈస్టులో ఉన్న ఆ రక్షక పదార్థమేదో విడదీసి చూసే భాగ్యం మాత్రం ఆయనకు కలుగలేదు. 1929వ సంవత్సరం జనవరి 17వ తేదీన, యాభై నాలుగవ యేట, మూత్రపిండపు క్యాన్సరుతో ఆయన కన్నుమూశారు. చితాభస్మాన్ని వాషింగ్టను చెంత ప్రవహించే పోటొమాక్ నదిలో కలిపారు. నోబెల్ బహుమానానికి ఆయన పేరు సూచింపబడింది గాని, ఆ గౌరవం ఆయనకు దక్కలేదు.

ఎనిమిదేళ్లకు, 1937లో, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞుడు కాన్రాడ్ ఎల్వెహ్‌జెమ్ ఆ పదార్థం నికొటినిక్ ఆమ్లమని నిరూపించాడు. నేడు నయాసిన్ అని మనం పిలిచే విటమిను అదే. చిత్రమేమంటే, రసాయనశాస్త్రజ్ఞులు 1870వ దశాబ్దం నుండే దానిని ఎరుగుదురు. సీసాలో ఉన్నది, దాని విలువ తెలియలేదు. 1940వ దశాబ్దంలో అమెరికాలో గోధుమపిండికి ఈ విటమినును చేర్చడం ఆరంభించారు. జీవనస్థితి కూడా మెరుగుపడడంతో పెల్లాగ్రా అక్కడ కనుమరుగయింది. అప్పటికి అది సుమారు 30 లక్షల మందిని పట్టి, లక్ష మందిని పొట్టన పెట్టుకొన్నదని అంచనా.

మొక్కజొన్న చేసిన తప్పేమిటో కూడా తరువాత తెలిసింది. ఆ గింజలో నయాసిన్ ఉన్నది గాని, అది శరీరానికి అందని రూపంలో బంధింపబడి ఉన్నది. నయాసిన్‌గా మారగల ట్రిప్టొఫాన్ అనే అమినో ఆమ్లం దానిలో తక్కువ. పాలు, గుడ్లు, మాంసం ఆ ఆమ్లాన్ని అందిస్తాయి. మొక్కజొన్నకు పుట్టిల్లయిన మెక్సికోలో ప్రజలు తరతరాలుగా గింజలను సున్నపు నీటిలో ఉడికించి, రుబ్బి రొట్టెలు చేసుకొంటారు. ఆ సున్నం బంధాన్ని విప్పుతుంది. ధాన్యం సముద్రాలు దాటి వచ్చింది గాని, దానిని వండే తెలివి వెంట రాలేదు.

ఈ కథకు మన తెలుగునేలతోనూ సంబంధం ఉన్నది. కూనూరులో ఉన్న పోషకాహార పరిశోధనాలయం 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969 నుండి అదే జాతీయ పోషకాహార సంస్థ. దక్కను పీఠభూమిలో మొక్కజొన్న కాక జొన్న తినే పేద కూలీలలో పెల్లాగ్రా కనబడడం అక్కడి శాస్త్రజ్ఞులను ఆలోచింపజేసింది. జొన్నలో ట్రిప్టొఫాన్ మొక్కజొన్నలో ఉన్నంత తక్కువ కాదు. జొన్నలో అధికంగా ఉండే లూసిన్ అనే మరొక అమినో ఆమ్లం ఇందుకు కారణం కావచ్చునని డాక్టరు సి. గోపాలన్, డాక్టరు ఎస్. జి. శ్రీకాంతయ్య 1960లో ప్రతిపాదించారు. ఆ సిద్ధాంతంపై తరువాత వాదోపవాదాలు జరిగాయి. కాని జొన్నను నిందించడం పొరపాటు. పప్పు, ఆకుకూర, మజ్జిగ తోడయితే జొన్నరొట్టె చక్కని ఆహారమే. ఒక్క సంకటి తప్ప మరేమీ లేని కంచానిదే దోషం.

పెల్లాగ్రా లోకంనుండి పూర్తిగా పోయిందని కూడా అనుకోరాదు. 1990లో ఆఫ్రికా ఖండపు మలావీ దేశంలో తలదాచుకొన్న మొజాంబిక్ శరణార్థులకు మొక్కజొన్నతోపాటు ఇస్తూ వచ్చిన వేరుసెనగ సరఫరాకు అంతరాయం కలిగింది. వారిలో 18 వేలమందికి పైగా ఈ వ్యాధి బయటపడింది. విటమిను పేరు తెలిసి అర్ధశతాబ్దం గడిచాక జరిగిన సంగతి ఇది. జ్ఞానం పుస్తకంలో ఉన్నంత మాత్రాన అన్నంలో ఉన్నట్టు కాదు.

ఉపాధ్యాయులు విటమినుల పాఠం చెప్పేటప్పుడు నయాసిన్ లోపమువలన పెల్లాగ్రా కలుగునని ఒక్క వాక్యంలో ముగిస్తారు. విద్యార్థులు దానిని పరీక్షకోసం కంఠస్థం చేస్తారు. ఆ ఒక్క వాక్యం వెనుక అనాథ పిల్లల భోజనపు బల్ల ఉన్నది, ఖైదీల ఆశ ఉన్నది, ఒక ఇల్లాలి ధైర్యం ఉన్నది, పదిహేనేళ్ల పట్టుదల ఉన్నది. మధ్యాహ్నం బడిలో పిల్లల కంచాలలో అన్నం, పప్పుతోపాటు ఒక కోడిగుడ్డు పడుతున్నప్పుడు, జాక్సన్ నగరపు ఆ నడిమి వయసు పిల్లలు ఒకసారి మనకు జ్ఞాపకం రావాలి. ఆ గుడ్డు దానం కాదు, పాఠంలో ఒక భాగం. ఎవరి కంచంలో ఏమి పడుతున్నదో, ఏమి పడడంలేదో చూసే కన్ను ఉంటే, సగం వైద్యం అక్కడే జరిగిపోతుందని గోల్డ్‌బర్గర్ జీవితం మనకు నేర్పుతున్నది.